1800-180-5522: యూజీసీ ర్యాగింగ్ హెల్ప్‌లైన్ ఎంతవరకు పనికొస్తుంది?

2009లో వచ్చిన ఈ టోల్‌ఫ్రీ నంబరు 24 గంటలూ పనిచేస్తుంది. పేరు చెప్పకుండానే ఫిర్యాదు ఇవ్వొచ్చు. హాస్టల్లో కొత్తగా చేరిన పిల్లలకి అదే పెద్ద ధైర్యం. కానీ వివరం లేని ఫిర్యాదు నిలబడదు. ‘సీనియర్లు ఏడిపిస్తున్నారు’ అంటే చాలదు. ఏ బ్లాకు, ఏ గది, రాత్రి ఎన్నింటికి, ఎవరెవరు, ఏం చేయించారు, అన్నీ కాగితం మీద రాసుకుని ఫోన్ చేయండి. అర్ధరాత్రి ‘పైకి రా’ అని వచ్చిన వాట్సాప్ మెసేజ్‌ని స్క్రీన్‌షాట్ తీసి వెంటనే ఇంటికి పంపేయండి, ఫోన్ లాక్కుని చెరిపేసే ప్రమాదం ఉంది. ఫిర్యాదు నంబరు తప్పకుండా రాసుకోండి.

లోపం ఒక్కటే, అది చిన్నది కాదు: ఫిర్యాదు తిరిగి కాలేజీకే వెళ్తుంది. ‘వాళ్ల భవిష్యత్తు పాడవుతుంది బాబూ’ అంటూ రాజీ కాగితం ముందు పెడితే సంతకం చేయొద్దు. సీనియర్లు చెయ్యి చేసుకుంటే హెల్ప్‌లైన్ కోసం ఆగకండి, పోలీసుల అత్యవసర నంబరు 112కి ఫోన్ కొట్టండి. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ 1997 నాటి ర్యాగింగ్ నిషేధ చట్టం ఉంది: అవమానించినా 6 నెలల వరకు జైలు. ఫిర్యాదును పక్కన పడేసిన ప్రిన్సిపాల్ కూడా నేరానికి తోడ్పడినట్టే లెక్క.