నాన్న షుగర్ సంచికి నాలుగేళ్లు

మా ఇంట్లో దాని పేరు షుగర్ సంచి. నోటుపుస్తకమంత ఉంటుంది: 9 అంగుళాల పొడవు, ఆరున్నర ఎత్తు, పైన జిప్పు, లోపల ఐదు జేబులు. 2021లో నాన్నకు ఇన్సులిన్ మొదలైనప్పుడు నేనే కుట్టాను. గ్లూకోమీటర్‌తో వచ్చిన నల్ల సంచిలో మీటరు, రక్తం చుక్క పెట్టి చూసే స్ట్రిప్పుల సీసా తప్ప ఇంకేమీ పట్టేవి కావు. ఇన్సులిన్ పెన్ను ఒక గదిలో, సూదులు ఇంకో గదిలో, దూది ఎక్కడుందో ఎవరికీ తెలియదు. పొద్దున్నే పరగడుపున ఇల్లంతా వెతుకులాట. ఆ టెన్షన్ చూడలేక మిషన్ ముందు కూర్చున్నాను.

ఇప్పటికి రెండు కుట్టాను. మొదటిది ఏడాదిన్నరకే పోయింది. రెండోది రెండున్నరేళ్లుగా రోజూ వాడుతున్నా గట్టిగానే ఉంది. రెండూ ఒకటే కొలత, ఒకటే గుడ్డ, కుట్టిందీ కాలితో తొక్కే ఆ పాత మిషన్ మీదే.

పై గుడ్డ పెడన కలంకారీ. విజయవాడ నుంచి బందరు వెళ్లినప్పుడల్లా పెడనలో ఆగి ముక్కలు తెచ్చుకోవడం నాకు అలవాటు. కరక్కాయ నీళ్లలో నానిన గుడ్డకు ఒక లేత పసుపు ఛాయ ఉంటుంది, అదంటే నాకు ప్రాణం. ఇన్ని ఉతుకుల తర్వాత ఎరుపు కాస్త మెత్తబడింది గానీ, బెల్లం, ఇనుప తుప్పు ఊరబెట్టి చేసే ఆ నలుపు మాత్రం గీత గీతా నిలిచి ఉంది. కత్తిరించే ముందు గుడ్డను విడిగా రెండుసార్లు జాడించాలి, మొదట్లో రంగు దిగుతుంది. కలంకారీని ఉతికాను గానీ మొదటి సంచికి లైనింగ్ గుడ్డను ఉతకకుండానే వేశాను. మొదటి ఉతుక్కే అది కుంచించుకుపోయి జిప్పు పొడుగునా ముడతలు పడ్డాయి. లైనింగ్ కనపడదు కదా అని ఎవరూ అనుకోవద్దు.

మొదటి సంచి అసలు పోయింది మాత్రం జిప్పు వల్ల. డ్రెస్సులకు వేసే సన్నటి 3వ నంబరు నైలాన్ జిప్పు ఇంట్లో ఉంటే అదే వేశాను. ఆ నంబరు దాదాపుగా మూసిన పళ్ల వెడల్పు, మిల్లీమీటర్లలో. డ్రెస్సు జిప్పును రోజుకు రెండుసార్లు లాగుతాం, దీన్ని పదిసార్లు లాగుతారు. ఏడాది తిరిగేసరికి రన్నర్, అంటే జిప్పు మీద పట్టుకుని లాగే బిళ్ల, వదులై, మూస్తూ ఉండగానే వెనకాల పళ్లు విచ్చుకోవడం మొదలైంది. రన్నర్‌ను రెండు పక్కలా ప్లయర్‌తో మెల్లగా నొక్కితే మళ్లీ పట్టుకుంది, ఇంకో నాలుగు నెలలు నడిచింది.

అంతకన్నా పెద్ద దెబ్బ జిప్పు చివర తగిలింది. జిప్పు వచ్చి పక్క కుట్టులో కలిసే మూలన గుడ్డ, క్యాన్వాస్, లైనింగ్, జిప్పు పట్టీ అన్నీ ఒకదాని మీద ఒకటి పడతాయి. నా 14 నంబరు సూది అక్కడ రెండు కుట్లు ఎగరగొట్టింది, నేను చూసుకోలేదు. నాన్న ఆ చివర పట్టుకుని జిప్పు లాగినప్పుడల్లా సరిగ్గా అక్కడే సాగి సాగి, చివరికి వేలు దూరేంత కన్నం పడింది. సూదుల పెట్టె అందులోంచి జారి మంచం కింద దొరికిన రోజే రెండోది కుట్టాలని నిర్ణయించుకున్నాను.

రెండోదానికి 5వ నంబరు జిప్పు తెచ్చాను, కావలసిన దానికన్నా మూడంగుళాలు పొడుగ్గా. అలా ఉంటే రన్నర్‌ను అవతలి చివరికి తోసేయొచ్చు, మిషన్ పాదానికి అడ్డురాదు, కుట్టు వంకర పోదు. నైలాన్ జిప్పు మామూలు కత్తెరకే తెగుతుంది. తెంపే ముందు రన్నర్‌ను మధ్యకు తెచ్చుకోవాలి, లేదంటే ఊడి చేతికొస్తుంది. రెండు చివర్లకూ గుడ్డ ముక్క మడిచి తొడుగులా కుట్టాను కాబట్టి ఇప్పుడు పక్క కుట్టులోకి గుడ్డే వస్తుంది, జిప్పు రాదు. ఆ మూలన ఇంకాస్త లావైన 16 నంబరు సూది, పాలిస్టర్ దారం, చక్రం చేత్తో తిప్పుతూ ఒక్కో కుట్టూ వేసి, రివర్స్‌లో మళ్లీ ఒకసారి. రెండున్నరేళ్లలో ఒక్క పోగు కదల్లేదు.

జిప్పు వెంబడి పైకుట్టు తప్పనిసరి. అది లేకపోతే లైనింగ్ పైకి లేచి పళ్లలో ఇరుక్కుంటుంది, తొందరలో ఉన్న మనిషికి అంతకన్నా చిరాకు ఉండదు. పక్కలు కుట్టే ముందు జిప్పు సగం తెరిచి ఉంచాలి, మర్చిపోతే సంచిని తిరగేయడానికి చచ్చే చావవుతుంది. వాడగా వాడగా జిప్పు బిగుసుకుంటే కొవ్వొత్తి ముక్క రుద్దితే చాలు.

జేబుల కొలత నేను ఎక్కువసేపు ఆలోచించిన విషయం. మొదటిసారి వస్తువు వెడల్పు చూసి జేబు కుట్టాను, ఏదీ దూరలేదు. వస్తువుకు మందం కూడా ఉంటుంది కదా. స్ట్రిప్పుల సీసా అడ్డం అంగుళంపావు, చుట్టూ టేపు పెడితే దాదాపు 4 అంగుళాలు. రెండో సంచికి జేబు గుడ్డ 3 అంగుళాలు తీసుకుని, అడుగున చిన్న కుచ్చిళ్లు పెట్టి, లైనింగ్ మీద అంగుళంన్నర వెడల్పులోనే కుట్టాను. సీసా నిలువుగా కూర్చుంటుంది, సంచి తలకిందులైనా జారదు. స్ట్రిప్పుల్ని సీసాలోంచి తీసి జేబులో పెట్టుకునేవాళ్లను చూశాను. అలా చేయొద్దు, తేమ తగిలితే రీడింగ్ తప్పుతుంది. వాడేసిన సూదులకూ గుడ్డ జేబు పనికిరాదు, మేము గట్టి ప్లాస్టిక్ డబ్బా విడిగా పెట్టుకున్నాం.

వెల్‌క్రో నాకు నచ్చలేదు. దూది పోగులన్నీ అందులోనే చేరి ఆరు నెలల్లో అతుక్కోవడం మానేసింది. పెన్నుకు వేసిన ఎలాస్టిక్ కూడా సాగిపోయింది, ఇప్పుడు దాని బదులు పొడవాటి జేబే ఉంది. లోపల వేసిన స్పాంజి ఉతుకులకు పలచబడింది. మీటరుకు దెబ్బ తగలకుండా అది చాలు గానీ, ఎండను మాత్రం ఆపదు. వాడుకలో ఉన్న పెన్నును 30 డిగ్రీలు దాటని చోట ఉంచమని మా పెట్టె మీద రాసి ఉంది. విజయవాడ మే నెలలో బయటికి వెళ్తే పెన్నును ఈ సంచిలో పెట్టను, చల్లగా ఉంచే పెట్టె వేరే తీసుకెళ్తాం.

నేను ముందుగా అనుకోని సంగతి ఒకటి జరిగింది. పెన్ను జేబు అంచుకు మిగిలిపోయిన మంగళగిరి జరీ అంచు ముక్క వేశాను, అందం కోసమే. సీసా జేబుకు పైపింగ్ వేశాను, మీటరు జేబుకు ఏమీ వేయలేదు. నాన్నకు శుక్లాలు ముదిరి ఆపరేషన్ దాకా చూపు మసకగా ఉన్న ఆ నెలల్లో, ఆయన వేళ్లతోనే అన్నీ తీసుకున్నారు. గరుగ్గా తగిలితే పెన్ను, గుండ్రటి అంచు తగిలితే సీసా. ఒక రాత్రి కరెంటు పోయింది. నేను ఫోన్ లైటు పట్టుకుని పరిగెత్తేసరికి ఆయన అప్పటికే పెన్ను చేతిలో పట్టుకుని ఉన్నారు.

ఇప్పుడు చూపు బాగానే ఉంది. రన్నర్‌కు కట్టిన రిబ్బను అరిగిపోయిందని, మూడోది కుట్టడానికి గుడ్డ పరిచాను. ఈసారి మీటరు ముందుకు మార్చనా అని అడిగాను.

"రంగు నీ ఇష్టం అమ్మలూ. జేబుల వరస మాత్రం మార్చకు" అన్నారు.