టయోటా 86కు సూపర్‌ఛార్జర్: మూడేళ్ల రోజువారీ వాడకం తర్వాత

నాలుగు వేల ఆర్‌పీఎం (నిమిషానికి ఇంజిను తిరిగే చుట్లు) దగ్గర నా కారు ఇప్పుడు లాగుతుంది. ఈ ఒక్క సుఖం కోసమే, బెల్టుతో తిరుగుతూ ఇంజినులోకి అదనపు గాలిని నెట్టే సూపర్‌ఛార్జర్ మీద అంత డబ్బు పెట్టాను. మూడేళ్లు దాటినా ఆ సుఖం తగ్గలేదు.

టయోటా 86 అనే ఈ చిన్న స్పోర్ట్స్ కారు నడిపినవాళ్లకు ఎక్కువ చెప్పనక్కర్లేదు. నాది 2017 మోడల్, మాన్యువల్ గేర్లు, 205 హార్స్‌పవర్. ఆ ఇంజిను సత్తా అంతా ముల్లు 6,400 చేరాకే బయటపడుతుంది. దానికి చాలా ముందు, సుమారు 3,500 నుంచి 4,500 వరకు టార్క్ (ఇంజిను లాగే బలం) గీత లోపలికి కుంగి ఉంటుంది. ట్రాక్ మీద నడిపేవాళ్లు ఆ ప్రాంతానికి దిగరు కనుక వాళ్లకు పట్టింపు లేదు. నేను రోజూ టెక్సాస్‌లోని ఫ్రిస్కో నుంచి డాలస్‌కు టోల్‌వే మీద ఆఫీసుకు వెళ్లి వచ్చేవాణ్ణి. ఆరో గేరులో 70 మైళ్ల వేగంతో వెళ్తుంటే ఇంజిను 3,100 పైన తిరుగుతుంది. ముందున్న ట్రక్కును దాటాలని యాక్సిలరేటర్ నొక్కితే ముల్లు సరిగ్గా ఆ కుంగిన చోటుకే చేరుతుంది. ఇంజిను చప్పుడు పెరుగుతుంది తప్ప కారు ముందుకు కదలదు. వెంటనే నాలుగో గేరుకు దిగాలి. ఇంత చక్కని స్టీరింగు, ఇంత తేలికైన ఒళ్లు ఉన్న కారులో ప్రతిరోజూ ఈ నిస్సహాయత నాకు భరించరానిదిగా ఉండేది.

అందుకే సూపర్‌ఛార్జర్లలోనూ రూట్స్ రకమే ఎంచుకున్నాను. సెంట్రిఫ్యూగల్ రకంలో గాలి ఒత్తిడి ఇంజిను వేగంతో పాటే పెరుగుతుంది. రెడ్‌లైన్ (ఇంజిను తిరగగల గరిష్ఠ వేగం) దగ్గర దాని బలం పూర్తిగా దక్కుతుంది, నడుమన కొంతే దక్కుతుంది. నాకు కావలసింది నడుమనే. రూట్స్ రకంలో రెండు రోటర్లు తిరిగిన ప్రతి చుట్టుకూ ఇంచుమించు ఒకే పరిమాణంలో గాలిని నెడతాయి కనుక రెండు వేల నుంచే ఒత్తిడి అందుతుంది. బిగించిన మొదటి సాయంత్రం టోల్‌వే ఎక్కి, ఆరో గేరు మార్చకుండానే ట్రక్కును దాటాను. ఆ కుంగు ఎక్కడుండేదో వెతుక్కోవలసి వచ్చింది. గేరు వేసిన ప్రతిసారీ కారు చెప్పిన మాట వింటున్నట్టు అనిపించేది. ఇప్పటికీ అలాగే అనిపిస్తుంది.

అడిగినవాళ్లందరికీ అప్పట్లో నేను చెప్పిన మాట: కంపెనీయే బిగించి పంపినట్టుగా ఉంది, నిశ్చింతగా రోజూ నడపవచ్చు. దానికి కారణం లేకపోలేదు. యాక్సిలరేటర్ మీద కాలు తేలికగా ఉన్నంతసేపూ బైపాస్ వాల్వు తెరుచుకుని గాలిని తిరిగి లోపలికే పంపుతుంది, రోటర్లు దాదాపు ఊరికే తిరుగుతాయి. చలి ఉదయాల్లో స్టార్టింగులో తేడా లేదు, ట్రాఫిక్‌లో కుదుపు లేదు. హైవే మీద మైలేజీ ఇంచుమించు మునుపటిదే. ఊళ్లో మాత్రం తగ్గింది, అది కొంతవరకు నా కాలి పుణ్యమే. ఆ మాట అక్టోబరు నుంచి మే వరకు ఇప్పటికీ చెబుతాను.

టెక్సాస్ వేసవి సంగతి వేరు.

గాలిని నొక్కితే వేడెక్కుతుంది. బయట నూరు డిగ్రీల ఫారెన్‌హీట్ ఉన్నప్పుడు ఆ వేడి మీద ఈ వేడి తోడవుతుంది. నా కిట్టులో దాన్ని చల్లార్చడానికి నీటితో పనిచేసే ఇంటర్‌కూలర్ ఉంది. ఇంజిను కూలెంటుతో సంబంధం లేకుండా దానికి వేరే నీళ్లు, బంపరు వెనక వేరే చిన్న రేడియేటరు, ఆ నీటిని తిప్పడానికి ఒక చిన్న ఎలక్ట్రిక్ పంపు ఉంటాయి. నిరుడు ఆగస్టులో ఆ పంపు ఆగిపోయింది. ఆగిపోయిందని తెలియడానికి నెల పైనే పట్టింది.

తెలియకపోవడానికి కారణం, ఏ దీపమూ వెలగలేదు. ఉదయం కారు బాగానే ఉండేది. సాయంత్రం ట్రాఫిక్‌లో అరగంట నిలిచాక మాత్రం బరువెక్కేది. యాక్సిలరేటర్ నొక్కితే, సూపర్‌ఛార్జర్ లేని రోజుల కంటే కూడా మందంగా కదిలేది. దగ్గర్లోని ఒక వర్క్‌షాపులో చూపిస్తే ముందు పెట్రోలు బాగాలేదన్నారు. తర్వాత స్పార్క్ ప్లగ్గులు మార్చారు. ఆ తర్వాత క్లచ్ జారుతోందని పెద్ద బిల్లుకు అంచనా రాసిచ్చారు. క్లచ్ జారితే ఇంజిను వేగం ఎగబాకాలి, కారు వేగం వెనకబడాలి. నా కారులో రెండూ కలిసే మందగించాయి. ఆ అంచనా కాగితం మడిచి జేబులో పెట్టుకుని వచ్చేశాను. ఆ కోపం ఇంకా పూర్తిగా చల్లారలేదు.

కారు కంప్యూటరులోని వివరాలు చదివే ఓబీడీ రీడరు పెట్టి చూస్తే గాలి ఉష్ణోగ్రత మామూలుగానే కనిపించింది. ఇక్కడే అసలు చిక్కు. ఈ కారులో గాలి ఉష్ణోగ్రత కొలిచే సెన్సరు ఎయిర్ ఫిల్టరు దాటగానే ఉంటుంది, అంటే సూపర్‌ఛార్జర్‌కు ముందే. లోపల గాలి ఎంత కాగిపోయినా ఈసీయూకు, అంటే ఇంజినును నడిపే కంప్యూటరుకు, నేరుగా తెలియదు. నాకింగ్ (వేడికి ఇంధనం తనంతట తానే అంటుకోవడం) మొదలయ్యాకే పసిగట్టి ఇగ్నిషన్ టైమింగును వెనక్కి లాగుతుంది, అంటే ప్లగ్గు నిప్పురవ్వను ఆలస్యం చేస్తుంది, దాంతో బలం తగ్గుతుంది. ఇంజిను కంప్రెషన్ నిష్పత్తి (సిలిండరులో గాలిని ఎన్ని రెట్లు నొక్కుతుందో) 12.5, అసలే ఎక్కువ కనుక ఆ లాగడం గట్టిగానే ఉంటుంది. నేను పంపిన లాగ్ ఫైలు చూసి నా ట్యూనర్ (ఈసీయూ సెట్టింగులు సరిచేసేవారు) ఒక్కటే అడిగారు: ఇగ్నిషన్ వేసి పంపు మీద చెయ్యి పెట్టండి, అదురుతోందా? అదరలేదు. కనెక్టరు దాకా 12 వోల్టులు వస్తున్నాయి, మోటారు చచ్చిపోయింది. కొత్త పంపు రెండు వందల డాలర్ల లోపే వచ్చింది, ఇంటి గ్యారేజీలోనే మార్చాను. అదే వారం ఇంటర్‌కూలర్ తర్వాత ఒక సెన్సరు పెట్టించి, దాని మీటరును స్టీరింగు పక్కన బిగించాను. ఇంత ఖరీదైన కిట్టులో ఈ మీటరు ముందే ఇచ్చి ఉండవలసింది. లోకంలో ఏ ఇంజినుకూ ఇంతటి వేడిని చెప్పకుండా దాచకూడదు.

ఇంకొన్ని చిన్న సంగతులు. నాకింగును ఎక్కువగా తట్టుకునే 93 ఆక్టేన్ పెట్రోలు తప్ప పోయను. టెక్సాస్‌లో అది చాలా బంకుల్లో దొరుకుతుంది. కాలిఫోర్నియాలో సాధారణంగా దొరికే ప్రీమియం 91 కనుక అక్కడికి వేరే ట్యూను కావాలి. పైగా ఆ రాష్ట్ర వాయు వనరుల బోర్డు అనుమతి నంబరు లేని కిట్టుతో స్మాగ్ (పొగ కాలుష్యం) పరీక్షకు వెళ్తే, బానెట్ ఎత్తి చూడగానే ఫెయిల్ చేస్తారు. ఫ్రీమాంట్‌లో ఉన్న మా బావమరిదికి ముందు ఈ నంబరు చూసుకోమనే చెప్పాను. హైదరాబాదు నుంచి అడిగే తమ్ముళ్లకు ఒక మాట: అక్కడ ఆర్‌సీలో ఉన్న వివరాలకు భిన్నంగా బండిని మారిస్తే మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను అడ్డొస్తుంది, దీన్ని చూసి ఉత్సాహపడకండి. రోటర్ల కూత మొదట్లో నాకు ముద్దొచ్చేది. ఇప్పుడు దూర ప్రయాణాల్లో మా ఆవిడ నిద్రపోతుంటే కాస్త తగ్గితే బాగుండుననిపిస్తుంది.

కొనమంటానా? నా కారుకు అప్పటికే వారంటీ అయిపోయింది. ఇంట్లో ఇంకో కారు ఉంది కనుక ఇది వారం పాటు గ్యారేజీలో పడి ఉన్నా మాకు ఇబ్బంది కాలేదు. స్పానర్ పట్టడం నాకు ఇష్టం. ఈ మూడింటిలో ఒక్కటి లేకపోయినా సందేహిస్తాను. ఇంకా కారే కొననివాళ్లైతే 2022 మోడల్ నుంచి వస్తున్న జీఆర్ 86ను ముందు నడిపి చూడండి. 2.4 లీటర్ల ఇంజిను, అత్యధిక టార్క్ 3,700 దగ్గరే అందుతుంది. నేను బెల్టు కట్టి నింపుకున్న చోటును వాళ్లు ఇంజిను పెంచి నింపారు. పాత 86 మీద మమకారం వదులుకోలేనివాళ్లకు మాత్రం రూట్స్ రకమే చెబుతాను, అదీ ఉష్ణోగ్రత మీటరు బిగించుకున్నాకే.