హాజ్లిట్ వెంట సోహో నుంచి ష్రూస్‌బరీ దాకా: డబ్బు ఎక్కడ పెట్టాలి, ఎక్కడ మిగుల్చుకోవాలి

లండన్ సోహోలో ఫ్రిత్ స్ట్రీట్ 6వ నంబరు ఇంట్లో, అద్దె గదిలో, 1830 సెప్టెంబరు 18న ఇంగ్లిష్ విమర్శకుడు, వ్యాసకర్త విలియం హాజ్లిట్ చనిపోయాడు. నాటక విమర్శ అనేది మర్నాటితో చెల్లిపోయే పత్రికా రాత కాదని, రెండు వందల ఏళ్ళ తర్వాత కూడా చదివించగలదని చూపించిన మనిషి. చివర్లో చేతిలో డబ్బుల్లేవు. ఇంటావిడ శవాన్ని మంచం కింద దాచి, గది కోసం వచ్చినవాళ్ళకు చూపించిందని ఓ కథ చెబుతారు. నిజమెంతో గానీ, సోహో అద్దెలు చూసినవాళ్ళకు నమ్మబుద్ధి అవుతుంది.

ఇప్పుడా ఇల్లు ఆయన పేరుతోనే 'హాజ్లిట్స్' అనే హోటల్. 1718 నాటి ఇళ్ళను కలిపి చేశారు. పాత చెక్క మంచాలు, కాస్త ఒరిగిన నేలలు, బస చేసిన రచయితలు సంతకం పెట్టి వదిలిన పుస్తకాలు. ఇవన్నీ బాగానే ఉన్నాయి గానీ, మేం వెతికిన తేదీలకు రాత్రికి మూడు వందల పౌండ్లు దాటింది. "ఆయన పోయిన ఇంటికి మనం అంత పోయాలా?" అంది మా ఆవిడ. బయట నిలబడి ఫలకం చదువుకుని వచ్చేశాం. అది ఉచితం.

బస విషయంలో నా మాట వినండి: చౌక అని ప్యాడింగ్టన్ పక్క సందుల్లో చిన్న హోటళ్ళు తీసుకోకండి. మేం మొదట దిగిన చోట సూట్‌కేసు తెరవాలంటే ఒకళ్ళు మంచం ఎక్కాల్సిందే. వేడి నీళ్ళు పొద్దున ఏడు దాటితే రావు. అడిగితే రిసెప్షన్ కుర్రాడు సారీ అని నవ్వుతాడు, అంతే. అక్కణ్ణుంచి యూస్టన్ దగ్గర ప్రీమియర్ ఇన్‌కి మారాం. ఏ గది చూసినా ఒకటే మూస, కానీ మంచం బాగుంది, గదిలో కెటిల్ ఉంది. మనవాళ్ళకు కెటిల్ ఉంటే చాలు, సగం టిఫిన్ అయిపోయినట్టే. పక్కనే డ్రమ్మండ్ స్ట్రీట్‌లో దోసెలు దొరుకుతాయి. సాంబారులో తీపి ఎక్కువ, అయినా తినొచ్చు.

సెయింట్ ఆన్స్ చర్చి తోట ఫ్రిత్ స్ట్రీట్‌కి నాలుగడుగుల దూరం. చర్చి మీద 1940లో బాంబు పడింది, గోపురం మిగిలింది. తోట నేల వీధి కంటే బాగా ఎత్తు. ఏళ్ళ తరబడి పాతిపెట్టిన శవాలు అలా పెంచాయి. హాజ్లిట్ సమాధి రాయి 2003లో కొత్తగా వేసింది. మామూలుగా పేరూ తేదీలూ ఉంటాయి కదా, దీని మీద ఆయన ఎవరి పక్షాన నిలబడ్డాడో, ఎవర్ని ఎదిరించాడో ఓ పెద్ద వ్యాసమే చెక్కి ఉంది. మధ్యాహ్నం ఆఫీసు పిల్లలు చుట్టూ కూర్చుని శాండ్‌విచ్‌లు తింటుంటే, వాళ్ళ మధ్య వంగి చదవడానికి మొహమాటపడకండి. ఎవరూ పట్టించుకోరు.

అసలు డబ్బు పెట్టాల్సింది డ్రూరీ లేన్ థియేటర్‌లో. ఇప్పుడున్న భవనం 1812లో తెరిచింది, అంటే హాజ్లిట్ కూర్చున్నది ఇక్కడే. 1814 జనవరి 26 రాత్రి, మంచూ బురదా. హాలు సగం ఖాళీ. ఎడ్మండ్ కీన్ అనే పొట్టి మనిషి, లండన్‌లో ఎవరికీ తెలియని ఊళ్ళ నటుడు, షేక్‌స్పియర్ 'మర్చంట్ ఆఫ్ వెనిస్'లో వడ్డీ వ్యాపారి షైలాక్‌గా స్టేజీ ఎక్కాడు. ఆ పాత్రకు ఎర్ర విగ్గు ఆనవాయితీ. ఈయన నల్లది పెట్టుకొచ్చాడు. మర్నాడు 'మార్నింగ్ క్రానికల్' పత్రికలో హాజ్లిట్ రాసిన సమీక్ష కీన్ జాతకాన్ని మార్చింది. మెచ్చుకున్నందుకు థియేటర్ వాళ్ళ దగ్గర డబ్బు తిన్నాడన్న నింద కూడా పడింది. మన పరిషత్తు పోటీల్లో ఫలితాలు చెప్పిన రాత్రి వినపడే మాటలే!

ఆయన ఊరికే భజన చేయలేదు. కీన్ ఏ రాత్రి తేలిపోయాడో కూడా అంతే ఓపికగా రాశాడు. ఆ సమీక్షలన్నీ 1818లో పుస్తకంగా తెచ్చాడు. నాటకమంటే అంత ప్రాణం పెట్టిన మనిషే, షేక్‌స్పియర్ 'మిడ్‌సమ్మర్ నైట్స్ డ్రీమ్' స్టేజీ మీద చూసి, కవిత్వానికీ రంగస్థలానికీ పొసగదు అని తేల్చేశాడు. ఆ మాట నేను ఒప్పుకోను గానీ, చెప్పే ధైర్యం ఉన్నవాడి విమర్శే చదవాలనిపిస్తుంది.

ఇప్పుడు డ్రూరీ లేన్‌లో ఆడేవి పెద్ద మ్యూజికల్స్, అంటే పాటల నాటకాలు. అన్నిటికంటే పైన ఉండే బాల్కనీ టికెట్లు చౌక, కానీ మెట్లు నిటారు, నటుల నెత్తులు తప్ప మొహాలు కనపడవు. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు అసలొద్దు. కాస్త ఎక్కువైనా కింద స్టాల్స్‌లో, పక్కగా అయినా సరే, తీసుకోండి. నటుడి మొహం కనపడే చోట కూర్చోవాలన్నది హాజ్లిట్ పట్టుదల కూడా. అదే రోజుకి తగ్గింపు టికెట్లు కావాలంటే లెస్టర్ స్క్వేర్‌లో టీకేటీఎస్ బూత్ ఉంది.

థియేటర్ పక్కనే కోవెంట్ గార్డెన్. అక్కడ వీధి గారడీవాళ్ళ ఆట కాసేపు చూడండి. హాజ్లిట్ రాసిన గొప్ప వ్యాసాల్లో ఒకటి మన దేశపు గారడీవాళ్ళ మీద. తెల్లబట్టలు, బిగించి కట్టిన తలపాగా, నేల మీద కూర్చుని నాలుగు ఇత్తడి బంతులు ఒకేసారి గాల్లో తిప్పే మనిషిని చూసి, ఇంత తప్పు లేకుండా నేను చేయగలిగిన పని ఒక్కటైనా ఉందా అని సిగ్గుపడతాడు. ఊరంతటినీ దులిపేసిన విమర్శకుడు ఓ గారడీవాడి ముందు చేతులెత్తేశాడు.

మెయిడ్‌స్టోన్ ఆయన పుట్టిన ఊరు, 1778. లండన్ నుంచి రైల్లో గంట. మ్యూజియం ఉచితం, ఆయన కుర్రతనంలో వేసుకున్న సొంత చిత్రం వాళ్ళ దగ్గరుంది. ఎర్ల్ స్ట్రీట్‌లో ఆయన పేరుతో థియేటరూ ఉంది. మొదట చిత్రకారుడు కావాలనుకున్నాడు మరి. మిత్రుడు, రచయిత చార్లెస్ లాంబ్‌ని వేసిన బొమ్మ లండన్ నేషనల్ పోర్ట్రెయిట్ గ్యాలరీది. బొమ్మలు మారుస్తుంటారు కాబట్టి వెళ్ళేముందు చూసుకోండి. మెయిడ్‌స్టోన్‌కి పూట చాలు, టైమ్ లేకపోతే వదిలేయండి.

ష్రూస్‌బరీ మాత్రం వదలకండి. యూస్టన్ నుంచి మధ్యలో మారుతూ మూడు గంటలు పట్టొచ్చు. దంపతులిద్దరూ కలిసి వెళ్తే 'టూ టుగెదర్' రైల్‌కార్డు తీసుకోండి, టికెట్‌లో మూడో వంతు తగ్గుతుంది. మా తిరుగు రైలు రద్దయి ప్లాట్‌ఫామ్ మీద చలిలో టెన్షన్ పడ్డాం. ఆలస్యానికి డబ్బు వాపసు అడగొచ్చని తోటి ప్రయాణికురాలు చెప్పేదాకా మాకు తెలీదు. ఊరు మాత్రం అందంగా ఉంది: నది మెలిక మధ్యలో, నల్ల దూలాలు, తెల్ల గోడల పాత ఇళ్ళు. మార్కెట్ హాల్‌లో శాకాహారం బాగానే దొరికింది.

హై స్ట్రీట్‌లో యూనిటేరియన్ చర్చి ఉంది, దేవుడు ఒక్కడే, త్రిత్వం లేదనే క్రైస్తవులది. చిన్నప్పుడు డార్విన్‌ని వాళ్ళమ్మ తీసుకొచ్చింది ఇక్కడికే. 1798 జనవరిలో కవి కోల్‌రిడ్జ్ ఇక్కడ ప్రసంగిస్తున్నాడని తెలిసి, పంతొమ్మిదేళ్ళ హాజ్లిట్ తానుండే వెమ్ అనే ఊరి నుంచి తెల్లారకముందే బయల్దేరి, పది మైళ్ళు బురదలో నడిచొచ్చాడు. తర్వాత కోల్‌రిడ్జ్ హాజ్లిట్ వాళ్ళింటికే వచ్చాడు. తిరిగి వెళ్ళేటప్పుడు ఆరు మైళ్ళు సాగనంపుతూ హాజ్లిట్ ఓ సంగతి గమనించాడు: మాట్లాడుతూ కోల్‌రిడ్జ్ దారికి ఈ పక్క నుంచి ఆ పక్కకు మారుతూనే ఉన్నాడు, తిన్నగా నడవలేకపోతున్నాడు. పాతికేళ్ళ తర్వాత, ఆ కవి రాజకీయాల మీద తాను దుమ్మెత్తిపోసిన కాలంలో కూడా, హాజ్లిట్ ఆ ఉదయాన్ని ప్రేమగానే రాశాడు.

వెమ్‌కి ష్రూస్‌బరీ నుంచి రైల్లో పావుగంట. చిన్న ఊరు, నోబుల్ స్ట్రీట్‌లో వాళ్ళిల్లు బయట నుంచి చూడటమే. ప్రయాణం ఒంటరిగా చేయాలి, పక్కన ఎవరైనా ఉంటే పాడవుతుంది అని ఆయన ఓ వ్యాసంలో గట్టిగా వాదించాడు. అయినా ఆ పది మైళ్ళూ నడుద్దామా అని మా ఆవిడతో అన్నాను. "ఆయన్ని ఒక్కణ్ణే నడవనీ. మనకి రైలుంది," అంది. రైలెక్కాం.