గుడ్డకు అంటుకునే ఎరుపు, ఊడిపోయే మెరుపు: పాత కార్ల పెయింటుతో ఇన్నేళ్ల అనుభవం

మా ఇంటి ముందు రెండు పాత కార్లున్నాయి. ఒకటి 1997 నాటి ఎర్ర మారుతి 800, నాన్న కొన్నది, ఏపీ 02 నంబరు. రెండోది 2008లో నేను తీసుకున్న వెండి రంగు చిన్న కారు. షెడ్డు లేదు కాబట్టి రెండూ ఏళ్ల తరబడి అనంతపురం ఎండలోనే నిలబడ్డాయి. ఎర్రదానిది సింగిల్ స్టేజ్ పెయింటు, అంటే రంగూ మెరుపూ ఒకే పొర. వెండిదానికి కింద రంగు, పైన రంగులేని క్లియర్ కోటు. పెయింటు షెడ్లలో దాన్ని లాకర్ అంటారు.

మీ కారుది ఏ రకమో తెలియకపోతే గుడ్డకు కొంచెం పాలిష్ రాసి, డోరు కింద కనపడని చోట రుద్దండి. గుడ్డకు రంగంటితే సింగిల్ స్టేజ్. తెల్ల కారైతే నల్ల గుడ్డ తీసుకోండి. నేను మా బావ అంబాసిడర్ మీద తెల్ల బనియన్ గుడ్డతో రుద్ది, ఏమీ తేలక కాసేపు తల గోక్కున్నా.

ఎర్రదాని టాపు, బానెట్ ఆరేడేళ్లకే వెలిసిపోయాయి. వేలితో రాస్తే సుద్దలాంటి పొడి వచ్చేది. వీధి పిల్లలు దాని మీద పేర్లు రాసేవాళ్లు. 2004లో ఒక ఆదివారం రబ్బింగ్ కాంపౌండ్, అంటే పై పొరను అరగదీసే ముద్ద, పట్టుకుని కూర్చున్నా. సగం బానెట్ రుద్దేసరికి మధ్యలో గీత గీసినట్టయింది. ఇటు పండుమిరప, అటు ఎండకు పాలిపోయిన కుంకుమ. గుడ్డ నిండా ఎరుపే. పైన చచ్చిన పొర పోయి, కింద బాగున్న రంగు బయటపడిందన్నమాట.

అయితే గుడ్డకంటిన ప్రతి మరకా కారు మీద నుంచి పోయిన పెయింటే. ఆ సంగతి నాకు 2011లో తెలిసొచ్చింది. బానెట్ అంచు మీద మెషిన్ పెట్టి హుషారుగా తిప్పితే పెయింటు కింద మొదట వేసే బూడిద రంగు ప్రైమర్ కనపడింది. బాడీ మడతల గీతల మీద, మూలల్లో పెయింటు పల్చగా ఉంటుంది. అక్కడ టేపు అంటించి, ఆఖర్న చేత్తో పైపైన రుద్దాలి. పాలిష్ చేశాక వ్యాక్స్ పెట్టకపోతే మళ్లీ పొడి మొదలవుతుంది. మా ఎండకు మూడు నెలలకోసారి వ్యాక్స్ పెట్టాల్సిందే.

వెండిదానికి తొమ్మిదేళ్లు నా చేత్తో ఏ సేవా చేయలేదు. బోరు నీళ్లతో కడిగితే తళతళలాడేది, ఎర్రదాన్ని చూసి జాలిపడేవాణ్ని. తర్వాత టాపు మీద రూపాయి బిళ్లంత తెల్లటి మచ్చ వచ్చింది. ఉప్పు నీటి మరక అనుకుని వెనిగర్‌తో తుడిచా, పోలేదు. ఎండాకాలం దాటేసరికి అరచేయంత అయింది. గోరు తగిలితే ఉల్లిపొరలా లేచొచ్చింది. షెడ్డుకు తీసుకెళ్తే పెయింటర్ ఒక్క చూపు చూసి, “దీన్ని పాలిష్ చేసేకి కాదప్పా, పై పొరే లేచిపోయింది” అన్నాడు.

ఎండలోని అతినీలలోహిత కిరణాలు క్లియర్ కోటును ఏళ్ల తరబడి తింటాయి. అదేమో వెంట్రుక మందం కూడా ఉండదు. పైగా నేను సర్వీసుకిచ్చిన రెండుసార్లు మెషిన్ పాలిష్ కొట్టించి దాన్ని ఇంకా అరగదీశా. ఊడిన చోట కొత్త లాకర్ కొడితే నిలవదు. గట్టిగా ఉన్న పొర దాకా నీళ్లతో రుద్దే గరుకు కాగితం, అదే వాటర్ పేపర్‌తో రుద్ది, రంగు, లాకర్ రెండూ మళ్లీ కొట్టాల్సిందే. కొట్టించా. టాపు, బానెట్ మధ్యాహ్నం బాగానే కలిసిపోతాయి కానీ సాయంత్రం ఏటవాలు వెలుగులో వేరే కారువి తెచ్చి బిగించినట్టుంటాయి. వెండి లాంటి మెటాలిక్ రంగులో మెరిసే అల్యూమినియం పలుకులు పరుచుకునే తీరు స్ప్రే గన్ పట్టిన చేతిని బట్టి మారిపోతుంది.

2019లో ఎర్రదానికి మొత్తం పెయింటు వేయించా. పెయింటర్ లాకర్ కొడదామన్నాడు, “షైనింగ్ అదిరిపోతుంది సార్” అని. నేను వద్దని పీయూ (పాలీయూరిథేన్) సింగిల్ స్టేజే కొట్టమన్నా. ఎరుపు, తెలుపు లాంటి మామూలు రంగు, బయటే ఉండే పాత కారు, ఆదివారం చేతులు నొప్పెట్టినా పర్లేదనుకునే ఓనరు అయితే నా ఓటు దీనికే. రుద్దే ఓపిక లేనివాళ్లకు క్లియర్ కోటే మేలు, నీడ మాత్రం కావాలి. మెటాలిక్ రంగుకు సింగిల్ స్టేజ్ జోలికి పోవద్దు, అందులోని అల్యూమినియం పలుకులు పాలిష్‌కు నల్లబడతాయి.

కవరు కూడా వాడి చూశా. మా ఊరి గాలికి అది దుమ్ముతో కలిసి కారును రాత్రంతా గీకుతుంది, తీసి పారేశా.

పోయినేడు రేకుల షెడ్డు వేయించా, ఒక్క కారే పడుతుంది. అందులో వెండిదాన్ని పెట్టా.