రోడ్డు దాటడానికి ఏది మేలు: ఫుట్‌ఓవర్ బ్రిడ్జా, ఎత్తు చేసిన జీబ్రా క్రాసింగా?

కాలనీ ముందు రోడ్డు దాటడం ప్రాణాలతో చెలగాటంగా మారినప్పుడు మున్సిపాలిటీకి ఇచ్చే వినతిపత్రంలో ఫుట్‌ఓవర్ బ్రిడ్జిని కోరాలా, ఫుట్‌పాత్ ఎత్తుకు లేపిన జీబ్రా క్రాసింగ్‌ను కోరాలా అని చాలామంది అడుగుతున్నారు.

బ్రిడ్జి ఎక్కినవారికి వాహనాల భయం ఉండదన్నది నిజం. అయితే దాన్ని ఎక్కగలిగేది ఎవరు? కింద లారీలు, బస్సులు పోవడానికి అయిదున్నర మీటర్ల ఎత్తు వదలాలి. మెట్టుకు 15 సెంటీమీటర్ల చొప్పున లెక్కవేసినా ఎక్కడానికి 36కు పైగా మెట్లు, దిగడానికి మళ్ళీ అన్నే. మోకాళ్ళ నొప్పులున్న పెద్దలు, బిడ్డను ఎత్తుకున్న తల్లి, సైకిల్‌పై పనికి వెళ్ళే కూలీ చివరికి డివైడర్ సందులోంచే దాటుతారు. లిఫ్ట్ పెట్టినా అది పనిచేసినన్నాళ్ళే ఆసరా.

నా దృష్టిలో అసలు తేల్చవలసిన విషయం వాహనాల వేగం. బ్రిడ్జి కట్టినా కింద రోడ్డు ఎప్పటిలాగే ఉంటుంది, పైగా మనుషులెవరూ అడ్డురారన్న ధీమా డ్రైవర్లకు కలుగుతుంది. ఎత్తు చేసిన క్రాసింగ్ దగ్గర మాత్రం ఎక్కి దిగవలసిన శ్రమ వాహనానిది, కాబట్టి వేగం తగ్గించక తప్పదు. గంటకు 60 కిలోమీటర్ల వేగం 30కి తగ్గితే వాహనపు గతిజ శక్తి, అంటే కదలిక వల్ల దానికుండే గుద్దే శక్తి, సగానికి కాదు, నాలుగో వంతుకు పడిపోతుంది. మనుషులూ వాహనాలూ కలిసి తిరిగే వీధుల్లో వేగం 30 దాటకూడదని రోడ్డు భద్రతపై 2020 నాటి అంతర్జాతీయ స్టాక్‌హోమ్ ప్రకటన కోరడం అందుకే. సైకిల్ తొక్కేవారు కూడా ఇదే క్రాసింగ్ మీదుగా దాటిపోవచ్చు.

హైదరాబాద్ ఉప్పల్‌లో 2023లో ప్రారంభమైన 660 మీటర్ల స్కైవాక్ (పాదచారుల ఆకాశ వంతెన) సంగతి వేరు. అక్కడ మెట్రో స్టేషన్ ఎలాగూ పైనే ఉంది, లిఫ్టులూ ఎస్కలేటర్లూ ఉన్నాయి, కింద పెద్ద కూడలి ఉంది. వేగం తగ్గించడం కుదరని జాతీయ రహదారిపైనా బ్రిడ్జే సరైనది. రోడ్డు కిందుగా నడిచి దాటే సబ్‌వేలకు వాననీరు, చీకటి అనే రెండు బాధలు ఉన్నాయి కనుక కాలనీ రోడ్లకు వాటిని నేను సూచించను.

క్రాసింగ్ కోరేటప్పుడు వివరాలన్నీ రాయండి: రెండు వైపులా ఫుట్‌పాత్‌తో కలవాలి, బస్సులు కుదుపు లేకుండా ఎక్కేలా వాలు ఉండాలి, వాననీరు నిలవకుండా అంచుల్లో దారి వదలాలి, రాత్రి వెలుతురు ఉండాలి, నాలుగు లేన్లు దాటిన రోడ్డయితే మధ్యలో ఆగడానికి చోటూ, పాదచారుల సిగ్నలూ ఉండాలి. ఇవి రాయకపోతే తారు మీద తెల్ల చారలు గీసి పని అయిపోయిందని చెప్పే ప్రమాదం ఉంది.