సెప్టోప్లాస్టీ సెట్టు కొన్నాం, సగమే పనికొచ్చింది

నేను హన్మకొండలో ఒక చిన్న ఈఎన్‌టీ నర్సింగ్ హోమ్‌లో ఓటీ (ఆపరేషన్ థియేటర్) టెక్నీషియన్‌ని. ముక్కు దూలం వంకర సరిచేసే ఆపరేషన్ (సెప్టోప్లాస్టీ) కేసులు పెరిగాయి, దానికి పనిముట్ల కొత్త సెట్టు తెమ్మని మా సార్ అంటే, దీనికోసం హైదరాబాద్ కోఠీ దాకా ఏం పోతాంలే అని వరంగల్‌లోనే ఒక సర్జికల్ షాపులో పెట్టెతో సహా 12 వేలకు తీసుకున్నా. నాలుగు నెలలు వాడాక రాస్తున్నా.

ఫ్రియర్ ఎలివేటర్ మాత్రం సూపర్. ఒక కొస కాస్త పదును, రెండోది మొద్దు, కార్టిలేజ్ (ముక్కులోని మెత్తటి ఎముక) మీది పొరను చిరగకుండా లేపేది దీనితోనే, మొదటి కేసులోనే సార్ "ఇది పోగొట్టకు" అన్నారు. ముక్కు రంధ్రాన్ని తెరిచి పట్టే థడికమ్ స్పెక్యులమ్ ఓకే. కార్టిలేజ్‌ను కోసి తీసే బ్యాలెంజర్ నైఫ్ సంగతి చెప్పలేను, కార్టిలేజ్‌ను వీలైనంత మిగల్చాలనే రకం మా సార్, అది పెట్టెలోంచి బయటికే రాలేదు.

కిలియన్ స్పెక్యులమ్‌తోనే టెన్షన్. లేపిన పొరలను రెండు పక్కలకు పట్టి ఉంచాల్సిందే అది, దాని స్క్రూ వదులు. కేసు మధ్యలో రెక్కలు మెల్లగా దగ్గరికి వస్తుంటే సార్ నా వైపు చూశారు, నేను గోడ గడియారం వైపు చూశా.

ముక్కలను పట్టి బయటికి తీసే లూక్ ఫోర్‌సెప్స్ ఇంకా ఘోరం. రెండో వారానికే కీలు దగ్గర జంగు. ఫోన్ చేస్తే షాపాయన "మరకనే అన్నా, రుద్దితే పోతది" అన్నాడు. పెన్సిల్ రబ్బరుతో రుద్ది చూశా. మరకైతే పోయి కింద నున్నగా ఉండాలి, ఇక్కడ సన్నటి గుంతలు పడ్డాయి. నిజం చెప్పాలంటే మొదటి వారం బోరు నీళ్లతోనే కడిగాం, అది మా తప్పే, ఆ నీళ్లలోని ఉప్పు స్టీలును తినేస్తుంది, ఇప్పుడు చివర్లో డిస్టిల్డ్ వాటర్‌తో కడిగి, కీలు తెరిచి ఆరబెట్టాకే దాస్తున్నా. కానీ అదే నీళ్లతో కడిగి, అదే ఆటోక్లేవ్‌లో (ఆవిరితో క్రిములను చంపే యంత్రం) 121 డిగ్రీల్లో పెట్టిన మా పాత ఫోర్‌సెప్స్‌కు ఏమీ కాలేదు మరి!

కొనేవాళ్లు పెట్టె మెరుపు చూసి డబ్బులు ఇవ్వకండి. ఫోర్‌సెప్స్ మూసి వెలుతురుకు పట్టండి, కొసలు కలవకపోతే అక్కడే తెలిసిపోతుంది. స్క్రూ బిగించి రెక్కలను వేళ్లతో నొక్కండి. నేను ఈ రెండూ చేయలేదు.

మూడుసార్లు తిరిగితే స్పెక్యులమ్ మార్చి ఇచ్చారు. ఫోర్‌సెప్స్‌ను మాత్రం "వాడిన వస్తువు" అని వెనక్కి తీసుకోలేదు, ఇప్పుడది మా స్టోర్ రూమ్‌లో ఉంది.