మాగుంట లేఅవుట్ మేడ మీద లైఫ్ సైన్సెస్ ట్యూషన్: సెల్ సిగ్నలింగ్ కోసమైనా చేరొచ్చు

పరిశోధన ఫెలోషిప్‌కీ, లెక్చరర్ అర్హతకీ రాసే సీఎస్ఐఆర్ నెట్ లైఫ్ సైన్సెస్‌కి నెల్లూరులోనే ఉండి చదవొచ్చా, హైదరాబాద్ పోవాల్సిందేనా అని మా జూనియర్లు అడుగుతూనే ఉన్నారు. మాగుంట లేఅవుట్‌లో ఒక మేడం తన ఇంటి మేడ మీద చెప్పే ట్యూషన్‌కి నేను వెళ్లాను కాబట్టి దాని గురించి రాస్తున్నాను. బయట బోర్డు ఉండదు. ఒకరు చెబితే ఒకరు వచ్చి చేరినవాళ్లే అందరూ. సిలబస్ మొత్తం చెబుతారు గానీ ఆమె పనితనం తెలిసేది, బయటి సంకేతం కణం లోపలికి ఎలా చేరుతుందో చెప్పే సెల్ సిగ్నలింగ్‌లోనే.

పీజీలో ఈ చాప్టర్ మాకెలా వచ్చిందో మీకూ తెలుసు. రిసెప్టర్ (సంకేతాన్ని అందుకునే ప్రోటీన్), బాణం, ఒక కైనేజ్, బాణం, ఇంకో కైనేజ్, చివర న్యూక్లియస్‌లో ట్రాన్స్‌క్రిప్షన్ ఫ్యాక్టర్ (జీన్లని చదివించే ప్రోటీన్) యాక్టివేట్ అయింది అని ఒక ముక్క. యాక్టివేట్ కావడమంటే ఆ ప్రోటీన్‌లో ఏం జరిగినట్టు? మేడం క్లాసంతా ఈ ప్రశ్న మీదే నడుస్తుంది. కైనేజ్ చేసే పని ఒక్కటే: కణానికి శక్తినిచ్చే ఏటీపీ చివరి ఫాస్ఫేట్‌ని తీసి ప్రోటీన్‌లో సెరిన్, థ్రియోనిన్ లేదా టైరోసిన్ అనే అమైనో ఆమ్లం మీద పెట్టడం. మనిషి జీనోమ్‌లో ఇలాంటి కైనేజ్‌లు 518 అని 2002లో లెక్క తేల్చారు. "బాణం గీసి ఊరుకోవద్దు నాయనా. ఫాస్ఫేట్ ఎక్కడ పడింది, పడ్డాక ఏం మారింది, రెండూ చెప్పు" అంటారు, ఎవరు జవాబు చెప్పినా సరే. ఏటీపీ పేరు ఎత్తగానే 1929లో ఫిస్కేతో కలిసి కండరంలో దాన్ని కనిపెట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావు గారిని తలుచుకుంటారు. అదే ఏడాది జర్మనీలో లోమన్ కూడా విడిగా కనిపెట్టాడని వెంటనే చెబుతారు. నాకా నిజాయితీ నచ్చింది.

క్రెబ్ అనే ట్రాన్స్‌క్రిప్షన్ ఫ్యాక్టర్ మీద జరిగిన క్లాస్ సంగతి కాస్త వివరంగా చెప్పాలి. హార్మోన్ వచ్చి కణంలో సైక్లిక్ ఏఎంపీ అనే సంకేత అణువు పెరిగితే పీకేఏ అనే కైనేజ్ న్యూక్లియస్‌లోకి వెళ్లి క్రెబ్‌లో 133వ సెరిన్ మీద ఫాస్ఫేట్ పెడుతుంది. ఇంతవరకు అందరికీ వచ్చు. మేడం బోర్డు మీద ఆ సెరిన్‌ని చేత్తో తుడిచేసి అక్కడ ఫాస్ఫేట్ పట్టని అలనిన్ అని రాశారు. ఇప్పుడేమవుతుందని అడిగితే క్లాసులో ఎక్కువమంది డీఎన్ఏకి అతుక్కోదన్నారు. అతుక్కుంటుంది. ఆగిపోయేది తర్వాతి పని. ఫాస్ఫేట్ ఉంటేనే సీబీపీ అనే ప్రోటీన్ వచ్చి క్రెబ్‌ని గట్టిగా పట్టుకుంటుంది, హిస్టోన్లకి అసిటైల్ గుంపులు తగిలిస్తుంది, ఆ జీన్ చదవడం ఊపందుకుంటుంది. ఫాస్ఫేట్ లేని క్రెబ్ వాకిట్లో నిలబడి తలుపు తట్టని చుట్టం లాంటిది. నెట్ పరీక్ష పార్ట్ సీలో నాలుగు మార్కుల ప్రశ్నలు ఇలాగే మెలిక పెట్టి అడుగుతారు, తప్పయితే మార్కు పోతుంది.

ఆ తర్వాత వరసగా తేడాలు చూపిస్తారు. ఎన్ఎఫ్ కప్పా బి అనే ఇంకో ట్రాన్స్‌క్రిప్షన్ ఫ్యాక్టర్ విషయంలో కైనేజ్ ముందు పట్టుకునేది దాన్ని కాదు, సైటోప్లాజంలో దాన్ని ఆపి ఉంచే ఐ కప్పా బి అనే ప్రోటీన్‌ని. 32, 36 సెరిన్ల మీద ఫాస్ఫేట్లు పడితే ఐ కప్పా బికి యుబిక్విటిన్ అనే చిన్న ప్రోటీన్ గుర్తుగా తగులుతుంది, ప్రోటియాసోమ్‌లో ముక్కలైపోతుంది, ఎన్ఎఫ్ కప్పా బికి దారి దొరుకుతుంది. ఫాక్సో అనే ట్రాన్స్‌క్రిప్షన్ ఫ్యాక్టర్ అయితే పూర్తిగా ఎదురు: ఏకేటీ అనే కైనేజ్ ఫాస్ఫేట్ పెడితే 14-3-3 ప్రోటీన్ పట్టుకుని న్యూక్లియస్ బయటే ఉంచేస్తుంది.

జాక్-స్టాట్ క్లాస్ నేను మర్చిపోలేను. జాక్ అనే కైనేజ్, స్టాట్ అనే ట్రాన్స్‌క్రిప్షన్ ఫ్యాక్టర్‌లో ఒక టైరోసిన్ మీద ఫాస్ఫేట్ పెడితే రెండు స్టాట్‌లు ఒకదాని ఎస్‌హెచ్2 భాగంతో ఇంకోదాని ఫాస్ఫేట్‌ని పట్టుకుని జంటగా న్యూక్లియస్‌లోకి పోతాయి. ఇది చెప్పి, రొయ్యల్లో కూడా స్టాట్ ఉందని, వాటికి జబ్బు తెచ్చే వైట్ స్పాట్ వైరస్ తన మొదటి జీన్లలో ఒకటైన ఐఈ1ని నడిపించుకోవడానికి రొయ్య స్టాట్‌నే వాడుకుంటుందని 2007లో వచ్చిన పరిశోధన చెప్పారు. మాకు విడవలూరు దగ్గర రొయ్యల గుంటలున్నాయి. వైట్ స్పాట్ పడిందంటే మా నాన్నకి ఎంత టెన్షనో చిన్నప్పటి నుంచి చూశాను. రొయ్య తన రక్షణ కోసం ఉంచుకున్న దాన్నే వైరస్ వాడేసుకుంటుందని ఆ రాత్రి ఫోన్‌లో చెబితే, "అందుకేనా అమ్మా అంత తొందరగా పాకేది" అన్నాడు. తొందరకి ఇదొక్కటే కారణం కాదని చెప్పాను గానీ, నేను చదివేది మా గుంట దాకా వచ్చినందుకు చాలా సంతోషమేసింది.

లోటు లేకపోలేదు. ఫాస్ఫేట్‌ని తీసేసే ఎంజైమ్‌ల భాగం హడావిడిగా ముగించారు. కాల్సిన్యూరిన్ అనే అలాంటి ఎంజైమ్ ఫాస్ఫేట్ తీస్తేనే ఎన్‌ఫ్యాట్ అనే ట్రాన్స్‌క్రిప్షన్ ఫ్యాక్టర్ న్యూక్లియస్‌లోకి పోతుంది, కిడ్నీ మార్పిడి చేయించుకున్నవాళ్లు వేసుకునే టాక్రోలిమస్ మందు ఆపేది ఆ పనినే. ఇంత ముఖ్యమైనదానికి ఇంకో క్లాసు ఇవ్వాల్సింది. నోట్సు చేతిరాత జిరాక్స్, జెల్ బొమ్మల్లో బ్యాండ్లు నల్లగా అలుక్కుపోతాయి. మాక్ టెస్టులు ఇక్కడ ఉండవు, అవి వేరేచోట రాసుకోవాల్సిందే. రేకుల షెడ్డు కాబట్టి మే నెలలో మధ్యాహ్నం బ్యాచ్ భరించలేరు, ఉదయం బ్యాచ్ అడగండి.

ఫీజు నెలకు 2,500, నెలనెలా కట్టొచ్చు. ముందు ఒక క్లాసు ఊరికే కూర్చోనిస్తారు. ఏ క్లాసైతే బాగుంటుందని నన్నడిగితే, క్రెబ్ ఎప్పుడు చెబుతారో కనుక్కుని ఆ రోజు వెళ్లండి.